అంటు లేని ఉండలు

జహీరాబాద్,
9 డిసెంబర్ 1979

చిరంజీవి భాగీరథిని నాయిన దీవించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, నీ కూతురు, మా అల్లుడు జగన్‌మోహన్, వియ్యపురాలు మహాదేవమ్మ గారు క్షేమమని తలుస్తాను. ఈ క్షేమాల లెక్క అప్పజెప్పకుండా ఉత్తరం మొదలుపెట్టిన మనిషిని ముప్పై ఏళ్ళ తపాలా నౌకరీలో నేను చూడలేదు. అట్లాగని ఊళ్ళో వాళ్ళ కార్డులు చదివేవాణ్ణని అనుకోకు. చదవడం వేరు, కంటపడడం వేరు.

నీకు కూతురు పుట్టి ఇరవై రోజులు దాటింది. తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలని లోకం మర్యాద. మీ అమ్మ సుగుణమ్మ పోయి ఆరేళ్ళయింది. తల్లి లేని ఇంటిని తల్లిగారిల్లు అని ఏ మొహంతో అంటాం? తండ్రిగారిల్లు అనే మాట మన భాషలో లేదు. ఇన్ని వందల ఏళ్ళలో ఎవరికీ దానితో పని పడలేదు కాబోలు. అందుకే పురుడు గుల్బర్గాలో మీ అత్తగారే పోశారు. నేను చుట్టానిలాగా వచ్చి, పిల్లను ఎత్తుకోవడం చేతగాక పార్సిలు పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకున్నాను. ఆమె ఊరుకుందా? "ఏందన్నా, పిల్లను అప్పజెప్పనీకె మాతోని సంతకం పెట్టించుకుంటవా?" అన్నది. ఆ మాట నాకు బాగా నచ్చింది. వియ్యపురాలి ముందు నవ్వితే అలుసు అని నవ్వలేదు. బస్సెక్కి హుమ్నాబాద్ దాటాక నవ్వుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. బాలింతకు పుట్టింటి నుంచి లడ్డూలు పోవాలి. మీ అమ్మ ఇరుగు పొరుగు బాలింతలకు చేసేటప్పుడు నేను గడపలో కూచుని పత్రిక చదివేవాణ్ణి. అంటే ఈ వంట నేను చెవులతో నేర్చుకున్నాను. తెలుగు కూడా అట్లాంటి చదువే. బళ్ళో చదివింది ఉర్దూ, అదీ నాలుగో జమాత్ దాకా. తెలుగు కవర్ల మీది చిరునామాలు చూసి, ఉప్పు పొట్లాల కాగితాలు చూసి నేర్చుకున్నాను. అందుకే నా రాతలో ఊళ్ళ పేర్లు తప్పు పోవు, తక్కినది దేవుడి దయ.

మెంతులు, నువ్వులు, జొన్న పేలాలు, బెల్లం, మన ఊరి అల్లం ఎండబెట్టిన శొంఠి. మన పక్కింటి జబ్బార్ లారీ అల్లం బస్తాలతో గుల్బర్గా మార్కెట్టుకు పోతున్నది, డబ్బా అతని చేతికిచ్చాను. నెల రోజులు నిలవ ఉంటాయి. పిల్లను ఒక చేత పట్టుకొని ఇంకో చేత్తో తినవచ్చు. అట్లా కుదిరేటట్టే చిన్నవిగా చుట్టాను.

మీ నాయిన,
రామ్‌కిషన్


గుల్బర్గా,
17 డిసెంబర్ 1979

నాయినకు భాగీరథి నమస్కారాలు.

ఇది అత్తమ్మ చెప్తుంటే నేను రాస్తున్న ఉత్తరం. మూడు తరాలుగా గుల్బర్గాలో ఉండి వీళ్ళ తెలుగు సగం కన్నడమైంది, నీకు తెలుసు. అత్తమ్మ తెలుగు మాట్లాడుతుంది గాని, రాయడం చదవడం తన వల్ల కాదంటుంది. కాబట్టి మాట ఆమెది, చెయ్యి నాది. ఒక్క ముక్క మార్చకుండా రాయమన్నది.

"అన్నా, డబ్బా ముట్టింది. ఉండలు పంపినవా, తూకం రాళ్లు పంపినవా? నీ అల్లుడు పొత్రం తెచ్చి కొట్టిండు. ఉండ పలగలే, గచ్చు పలిగింది. మీ జబ్బార్ చిరాగ్‌పల్లి కాడ టైరు మార్చుకుంట ఒకటి కొరికిండట, పన్ను కదిలిందట. పాకం చూసుడు రాకపోతే అడగాలె, సిగ్గెందుకు? తల్లి లేని పిల్లని నేను చూసుకుంటలేనా? పత్యం తప్పకుండ పెడుతున్న. పొద్దుగాల ఇంత పాత బియ్యం అన్నం, ఎల్లిపాయ కారం, నెయ్యి. పొద్దు గూకకముందు మళ్ల గదే. పప్పు లేదు, కూర లేదు. నీళ్లు కాగబెట్టి సగం చెంబు. మా అత్త నాకు గిట్లనే పెట్టింది. గాని పిల్ల ఊకె ఏడుస్తున్నది. దవాఖానల తూకం ఏసిన్రు, పెరగలే అన్నరు. పాలు సరిపోతలేవు. పుష్య అమావాస్య దాక చూస్త. గప్పటికి గూడ గిట్లనే ఉంటే డబ్బా పాలు మొదలువెడత. ఎవరేమన్నా వినేది లేదు. ఇగ రాసుడు ఆపు బిడ్డా, నేను నాలుగు మాటలు చెప్తే పది వరసలు ఎట్లయితున్నయే?"

―――

ఈ గీత కిందిది అత్తమ్మకు తెలియదు నాయినా. పెరట్లోకి పోయింది, తొందరగా రాస్తున్నాను.

ఆమె మంచిది. నా కాళ్ళు కూడా పిసుకుతుంది. కానీ నాకు ఆకలి. ఎట్లాంటి ఆకలి అంటే, పిల్ల పాలు తాగుతుంటే ఆ తాగుతున్నది నన్నే అనిపిస్తుంది. సాయంత్రం తిన్నది పిల్ల ఒక్కసారి తాగేసరికి అయిపోతుంది, ఆ తరువాత తెల్లవారేదాకా ఏమీ లేదు. అడగాలంటే నోరు రాదు. ‘తల్లి నేర్పలేదా’ అంటారేమో అని. నీ తూకం రాళ్ళు నేను చప్పరిస్తున్నాను. పగలకపోయినా కొంచెం కరుగుతున్నాయి.

డబ్బా పాలకు నా మనసు ఒప్పడం లేదు. నాకు పాలు లేక కాదు నాయినా, నాకు అన్నం లేక.

భాగీరథి


జహీరాబాద్,
24 డిసెంబర్ 1979

చెల్లెమ్మ మహాదేవమ్మ గారికి రామ్‌కిషన్ నమస్కరించి రాయునది. భాగీరథీ, గట్టిగా చదువమ్మా.

తూకం రాళ్ళు అన్నారు. న్యాయమే. బెల్లం పాకం ఎప్పుడు దించాలో పత్రిక చదువుకుంటూ వినేవాడికి ఎట్లా వినబడుతుంది? పాకం ముదిరేటప్పుడు చప్పుడు చేయదు. మీ గచ్చుకు అయిన నష్టానికి సిగ్గుపడుతున్నాను. రెండో డబ్బా పంపుతున్నాను. దీనికి పొత్రం అక్కర లేదు, రెండు వేళ్ళు చాలు.

పత్యం సంగతి ఆడవాళ్ళది, నేను నోరు పెట్టను. కానీ నా నౌకరీ సంగతి ఒకటి చెప్పడానికి సెలవివ్వండి. మొదట్లో నేను రాయికోడ్ నుంచి సంచి భుజాన వేసుకొని నడిచే రన్నర్ని. వానైనా ఎండైనా సంచి ఆగకూడదు. మా అమ్మ పొద్దున కడుపునిండా రొట్టె పెట్టేది, రాత్రికి మళ్ళీ రొట్టె. అయినా మొదటి వారంలోనే దారిలో కళ్ళు తిరిగి ఒక చెలకలో పడ్డాను. సంచి కింద నేను, నా మీద సర్కారు. అప్పటి నుంచి అమ్మ నా ధోవతి కొంగుకు నువ్వుల ముద్దలు కట్టేది. ‘రెండు పూటలు తినేది ఇంట్ల కూసునేటోళ్లు. మోసేటోనికి నడుమ నడుమ కావాలె’ అనేది. పాలిచ్చే తల్లి కూడా రన్నరే కదా చెల్లెమ్మా. పగలు లేదు, ఆదివారం లేదు, బట్వాడా ఆగదు. కొంగుకు ఏదో ఒకటి కట్టి ఉండాలి. ఇంతకు మించి మాట్లాడితే వియ్యంకుడు పాఠం చెప్తున్నాడంటారు. ఇక్కడ ఆపుతాను.

―――

భాగీరథీ, ఈ గీత దాటాక గొంతు మూసుకొని చదువు.

నీ ఉత్తరం చదివి నేను రెండు పూటలు అన్నం తినలేదు. దానివల్ల నీకేం లాభమని మూడో పూట తిన్నాను. డబ్బాలో పై వరస మీ అత్తగారికి చూపించు. దాని కింద కాగితం మడత ఉంటుంది, మడత కింద ఇంకొక వరస ఉంటుంది. అది నీది. గంటకొకటి తిన్నా దేవుడు అడగడు. గోధుమ రవ్వ నేతిలో వేయించి, ఎండు కొబ్బరి, ఎండు ఖర్జూరం, గసగసాలు, శొంఠి, యాలకులు వేసి చేశాను. చేసింది నేనే. పక్కింటి తాజ్ బేగం గోడ మీది నుంచి చూసింది, అంతే.

ఆ చూడడంలోనే ఒక తమాషా చేసింది. "రామ్‌కిషన్ భాయ్, గోంద్ లేకుండ బాలింతకు జచ్చా లడ్డు ఏంది? గోంద్ తెప్పియ్యి" అన్నది. గోందు నాకు తెలియదా! ముప్పై ఏళ్ళు కవర్లు అంటించిన సీసా. వేలికి అంటితే సబ్బుకు కూడా లొంగదు, ఇక బాలింత పేగులు ఏమైపోవాలి? ‘నా బిడ్డను బొంబాయికి పార్సిలు చేయడం లేదు తల్లీ’ అన్నాను. ఆమె నెత్తి కొట్టుకున్నది. లడ్డూలు గోందు లేకుండానే వస్తున్నాయి, ఫికర్ పడకు.

నాయిన


గుల్బర్గా,
2 జనవరి 1980

నాయినకు నమస్కారాలు. మళ్ళీ అత్తమ్మ మాట, నా చెయ్యి.

"అన్నా, ఈసారి ఉండ ఉండలెక్క ఉన్నది. నోట్ల ఏస్తె కరిగింది. గిది మొగ చెయ్యి కాదని మా ఇంటి పిల్లి గూడ చెప్తది. డబ్బాల కాగితం కింద ఇంకో వరస ఉన్నది, నీ బిడ్డ చూసుకోలేదేమో అని నేనే తీసి బయట పెట్టిన. గంతా మంచిగనే ఉన్నది, గాని ఒక్క కొదవ. అంటు లేదు. అంటు లేని ఉండ బాలింతకు ఏం ఆసరా? నడుముకు బలం ఏడికెళ్లి వస్తది? మళ్ల పంపేటప్పుడు అంటు కలిపి పంపు. నీకు తెల్వకపోతే, ఎవరు చేసిన్రో వాళ్లనే అడుగు. వాళ్లకు మంచిగ తెలుసు. రన్నరు కత విన్న. బాగున్నది. అమావాస్య మాట మాత్రం అమావాస్యదే."

―――

నాయినా, కాగితం మడత సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు అంతుపట్టడం లేదు. ‘అంటు అంటే ఏందత్తమ్మా?’ అని అడిగితే ‘రాయి నువ్వు. తపాలా మనిషికి తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది’ అని నవ్వింది. ఏమి నవ్వో అది, నాకు భయం వేసింది.

లడ్డూలు రోజుకు రెండు ఇస్తున్నది, తక్కినవి బీరువాలో పెట్టింది. అవి తిన్న పూట పిల్ల మూడు గంటలు నిద్రపోతున్నది. కానీ ఆయన పాల డబ్బా కొని తెచ్చి అరలో పెట్టేశారు. డబ్బా మీది బొద్దు పిల్ల బొమ్మ పొద్దున లేస్తే నన్ను చూసి నవ్వుతుంది. అమావాస్యకు పదిహేను రోజులే.

భాగీరథి


జహీరాబాద్,
6 జనవరి 1980

మహాదేవమ్మ గారికి,

ఈ ఉత్తరంలో గీత లేదు. భాగీరథీ, మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదువు. నా మాట ఒక్కటి మింగినా నా మీద ఒట్టు.

అమ్మా, మీ ఎత్తిపొడుపులు నాకు ఇష్టం. తూకం రాళ్ళన్నారు, నవ్వాను. కానీ అంటు మాట దగ్గర నవ్వు రాలేదు. ‘అంటు లేదు, మళ్ళీ అంటు కలిపి పంపు, ఎవరు చేశారో వాళ్ళకు తెలుసు’ అని వెటకారం చేశారు. చెప్పు పట్టు బట్టలో చుట్టి కొట్టారు. అయినా తగిలింది. మా ఇంటి సంగతి మీకు ఎవరో చేరవేశారు. ఇక దాచడం ఎందుకు?

అవును, రెండో డబ్బా నేను చేయలేదు. తాజ్ బేగం చేసింది. జబ్బార్ భార్య, మా పక్కింటావిడ. నేను రవ్వ మాడ్చి పొగ చేస్తుంటే గోడ దాటి వచ్చి, గరిటె గుంజుకొని చేసింది. నేనే చేశానని కూతురికి కూడా అబద్ధం రాశాను. మీరు ముట్టరేమో అని భయపడ్డాను. నా భయం నిజమైంది.

ఇంకొకటి. ఇది భాగీరథికి కూడా తెలియదు. 1957లో అది పుట్టిన నెలకే సుగుణమ్మకు విషజ్వరం వచ్చింది. పాలు ఎండిపోయాయి. అప్పుడు తాజ్ బేగం ఒడిలో ఆమె కూతురు నఫీసా ఉండేది. రెండో వైపు నా కూతుర్ని పెట్టుకున్నది. ఒకనాడు రెండునాళ్ళు కాదు, ఏడు నెలలు. ‘ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ తాగుతున్నరు’ అని అడిగితే ‘మీ పోరే. పోస్టు మాస్టరు లెక్క, గడియ తప్పదు’ అనేది. అప్పుడు ఆమె తల్లి ఆమెకు చేసి పెట్టిన లడ్డూలే ఇవి. నా కూతురి ఎముకల్లో ఉన్నది ఆ లడ్డూలే. అంటే మీ ఇంటి కోడలు అంటుతోనే పెరిగింది. మీ మనవరాలు తాగుతున్నదీ అదే. ఇప్పుడు ఎక్కడ కడుగుతారు? ఎంతని కడుగుతారు?

నా బిడ్డ మీ ఇంట్లో ఆకలితో ఉన్నది. ఈ మాట నాకెట్లా తెలుసని అడగకండి. ఈ నెల పన్నెండున నేను గుల్బర్గాలో బస్సు దిగుతాను. తల్లి ఉన్నా లేకున్నా ఇది దాని ఇల్లే. ఇద్దర్నీ తీసుకొస్తాను. మూడు పూటలు తింటుంది. ఎవరి చేతిది తింటుందో అది దాని ఇష్టం.

రామ్‌కిషన్


గుల్బర్గా,
10 జనవరి 1980

రామ్‌కిషన్ అన్నకు మహాదేవమ్మ రాసేది.

ఇది నా చెయ్యే. అక్షరాలు కన్నడంవి, మాట తెలుగుది. ఎట్ల చదవాలె అనకు. మీవి మావి ఒక్కింటి తోడికోడళ్లు. మావి అడ్డబొట్టు పెట్టుకుంటయి, మీవి నెత్తిన పిలక పెట్టుకుంటయి. గంతే తేడా. పొట్లాల కాగితాలు చూసి చదువు నేర్చినోనికి ఇది ఒక లెక్కనా? నేను గూడ గట్లనే నేర్చిన. కన్నడ బళ్లె ఐదు చదివిన, నీ బిడ్డ ఉత్తరాలు చూసుకుంట మీ పిలకలు పట్టుకున్న.

ఇప్పుడు సమజయిందా? మొదటి ఉత్తరం నుంచి, నీవి వచ్చినంక, దానివి కవరు అంటియ్యకముందు, గీత మీదిది, గీత కిందిది అన్నీ చదివిన. నీ ఆఖరి ఉత్తరం నీ బిడ్డ నాకు చదివి వినిపియ్యలే. పప్పు డబ్బాల దాచింది. పత్యం పెట్టే ఇంట్ల పప్పు డబ్బా ఎవరు తీస్తరని దాని తెలివి. నేనే తీసి చదివిన.

ముందుగాల అంటు సంగతి చెప్త. మా కన్నడంల అంటు అంటే బంక. తుమ్మ చెట్టుకు కారి గట్టి పడుతది చూడు, గది. నెయ్యిల ఏస్తె పేలాలలెక్క పొంగుతది. దంచి ఉండల కలుపుతరు. గది లేకుంటే మా దిక్కు బాలింత ఉండ అనరు. మీ తాజ్ బేగం గోంద్ అన్నది గదే. ఆ పిచ్చిది అడుగుతుంటే నువ్వు తపాలా సీసా అనుకొని నవ్వినవట. గీత కింద రాసుకున్నవు గద, నేను చదివి పడిపడి నవ్విన. ‘గోంద్ ఎయ్యి’ అని నేను చెప్పిస్తే గీత కిందిది చదువుతనని దొరికిపోత. అందుకే అంటు అన్న. తపాలా మనిషికి అంటు తెల్వదని నాకేం తెలుసు?

ఇగ పెద్ద మాట. తాజ్ బేగం చేసిందని మొదటి కొరుకుకే తెలిసింది. యాలకలు పొట్టుతోని నూరేది వాళ్ల చేతులే. నేను చిన్నప్పటికెళ్లి గుల్బర్గాల పెరిగినదాన్ని. ఏ ఇంటి నెయ్యి ఏ ఇంటిదో గాలిల చెప్త. తెలిసి తిన్న, తెలిసి పెట్టిన. నువ్వు ఒక్కమాట నన్ను అడగకుండ తీర్పు రాసి స్టాంపు కొట్టినవ్. అన్నా, అంటు నా ఉత్తరంల లేదు. నీ చదువుల ఉన్నది.

ఏడు నెలల సంగతి చదివినంక మాత్రం చేతిల పని ఇడిసిపెట్టిన. నీ బిడ్డను పిలిచి ఉత్తరం చేతికిచ్చిన. ఇద్దరం కూసొని ఏడ్సినం. అది ఎందుకేడ్సిందో దానికి తెలుసు. నేనెందుకేడ్సిన్నో చెప్త.

‘నాకు ఆకలి’ అని గీత కింద రాసింది. గీత మీద నేనున్న, నాకు చెప్పలే. కోడలు అత్తకు ఆకలి చెప్పదు. జగన్ పుట్టినప్పుడు నేను గూడ మా అత్తకు చెప్పలే. చాటల బియ్యం ఏరుకుంట ఒక్కొక్క పచ్చి గింజ నమిలినదాన్ని. గదే పత్యం నా కోడలికి పెట్టిన. తప్పని తెలిసినంక గూడ నాలుగిండ్లల్ల ఒప్పుకునే మొఖం లేక, తల్లిగారి ఉండలు తింటే ఎవరు అడ్డమంటరని ఉండల మీద పడ్డ. అంటు అడిగింది అందుకే. మళ్ల ఒక డబ్బా రావాలెనని.

నిన్నటికెళ్లి పప్పు డబ్బా తెరిసే ఉన్నది. దాచిన ఉత్తరం పుణ్యం. కోడలు మెంతికూర పప్పు రెండు సార్లు ఏసుకున్నది, కడుపు నొప్పి రాలే, లోకం మునగలే.

నువ్వు బస్సు ఎక్కకు. ఎక్కితే అంటు తీసుకొనే ఎక్కు. ఈ ఉత్తరం జబ్బార్ చేతికిస్తున్న, నీ తపాలా మీద నాకు నమ్మకం లేదు.

మహాదేవమ్మ


జహీరాబాద్,
13 జనవరి 1980

చెల్లెమ్మ మహాదేవమ్మ గారికి,

మీ అడ్డబొట్ల ఉత్తరం కూడబలుక్కొని చదవడానికి ఒక పూట పట్టింది. సిగ్గుపడడానికి ఇంకొక పూట. బస్సు ఎక్కలేదు. కట్టిన సంచి విప్పాను.

ఉత్తరం తీసుకొని గోడ దగ్గరికి పోయాను. మొత్తం తాజ్ బేగంకు చదివి వినిపించాను, నా తప్పులతో సహా. ఆమె ముందు నవ్వింది, తరువాత కొంగుతో కళ్ళు తుడుచుకున్నది, ఆ తరువాత నన్ను తిట్టింది. "నేను పదిసార్లు మొత్తుకుంటి గోంద్ గోంద్ అని. గుల్బర్గాల ఉన్న ఆమెకు సమజయింది, గోడ పక్కన ఉన్న నీకు కాలే" అన్నది. పిల్లకు పాలిచ్చిన సంగతి రాశానని విని కోపం చేసింది. ‘గది రాసే మాటనా?’ అన్నది. తమ చేతి మంచిని కాగితం మీద చూసుకోవడం కొందరికి ఇష్టముండదు.

ఆమె చేతిలోని గోంద్ పలుకు చూసి నేను నిలబడిపోయాను చెల్లెమ్మా. తేనె రంగు, గాజులాగా. మీరు రాసిన ఆ తుమ్మ బంకే! రాయికోడ్ చెలకల్లో నేను చిన్నప్పుడు కొడవలి మొనతో గీకి రోజూ తిన్న బంక. రన్నరుగా నడిచిన దారి పొడుగునా అదే నమిలాను. మీరు అంటు అన్నారు, ఆమె గోంద్ అన్నది, నేను బంక అని అనడం ఒక్కటే తక్కువ. ముగ్గురం నోటినిండా ఒకటే వస్తువు పెట్టుకొని ఒకరినొకరు అర్థం కాలేదనుకున్నాం. తప్పంతా తపాలా శాఖ సీసాది.

మూడో డబ్బా వస్తున్నది. బంక నేతిలో నేనే వేయించాను. తాజ్ బేగం పక్కనే నిలబడి ‘మంట తక్కువ, మంట తక్కువ’ అని అరిచింది. మొక్కజొన్న పేలాల్లాగా పొంగింది. ఎనిమిదింట ఒకటి నా మీదికి ఎగిరింది. పాకం మాత్రం నన్ను ముట్టనివ్వలేదు. డబ్బాలో కాగితం మడత లేదు. విడిగా ఒక పొట్లంలో పచ్చి బంక పెట్టాను, అక్కడ చేసుకుంటే పనికొస్తుంది.

అమావాస్య నాలుగు రోజులున్నది. మీ మాట మీదే, నేను నోరు పెట్టను.

మీ అన్న,
రామ్‌కిషన్

భాగీరథీ, నీకు విడిగా ఏమీ రాయలేదు. గీత గీయడం మరిచిపోయాను.


గుల్బర్గా,
2 మార్చి 1980

నాయినకు భాగీరథి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈసారి ఈ మాట అలవాటుగా రాయడం లేదు.

నిన్న దవాఖానలో తూకం వేశారు. రెండు నెలల్లో మా పిల్ల మనోరమ దాదాపు రెండు కిలోలు పెరిగింది. నర్సమ్మ ముల్లు సరిగా లేదేమో అని మళ్ళీ వేసింది. అమావాస్య వచ్చింది, పోయింది, ఎవరికీ గుర్తు లేదు. పాల డబ్బా మూత కూడా తీయలేదు. వాకిలి తలుపు గాలికి కొట్టుకోకుండా అత్తమ్మ దాన్ని అడ్డం పెట్టింది. బొద్దు పిల్ల ఇప్పుడు గోడ వైపు చూస్తున్నది.

నా కొంగుకు ఎప్పుడూ ఒక లడ్డు కట్టి ఉంటుంది. పక్కింటివాళ్ళు పత్యం సంగతి అడిగితే అత్తమ్మ ‘మా కోడలు రన్నరు’ అంటుంది. వాళ్ళకు అర్థం కాదు, అడగడానికి భయం. తాజ్ ఖాలాకు చెప్పు నాయినా, ఎండలు ముదరకముందే పిల్లను తీసుకొని వస్తాను. ముందు ఆమె ఇంటికి, తరువాత నీ ఇంటికి. గోడే కదా అడ్డం.

ఒక వింత. బీరువాకు తాళం తీసేసిన దగ్గర నుంచి డబ్బాలో లడ్డూలు రోజుకొకటి తగ్గుతున్నాయి. నేను తినేవి కాక. అత్తమ్మ పిల్లి అంటుంది. మూత తీసి, తిని, మళ్ళీ మూత బిగించే పిల్లిని గుల్బర్గాలోనే చూశాను.

ఇంట్లో గోందు సీసా అయిపోయింది. నువ్వు పంపిన పచ్చి బంక ఒక పలుకు నీళ్ళలో నానబెట్టి కవరు అంటిస్తానన్నది అత్తమ్మ. చూడు, ఎట్లా అంటుకున్నదో. పిల్ల లేచింది, ఉంటాను.

భాగీరథి

―――

అన్నా, కవరు నా చేతికిచ్చి కోడలు లోపలికి పోయింది. ఈ గీత కిందిది దానికి తెల్వదు.

గీ ఉండ నేను జగన్ పుట్టినప్పుడు తినాల్సింది. ఇరవై ఏడేండ్లు ఆలిశమైంది, గాని పండ్లు ఇంకా ఉన్నయి. మళ్ల డబ్బా పంపేటప్పుడు తాజ్ బేగంకు చెప్పు, పిల్లికి గూడ రెండు ఎక్కువ పెట్టుమను.